నన్ను గుర్తుపట్టని నాన్న



ఆసుపత్రిలో ఐ.సి.యు. తలుపు బయట చాపలు పరచుకుని కూర్చునే కుటుంబాలను మీరందరూ చూసే ఉంటారు. మీలో కొందరు అలా కూర్చున్నవారే. అక్కడ కూర్చున్నవారి మనసులో రెండు ప్రశ్నలుంటాయి. మొదటిది డాక్టరుగారిని అడుగుతారు: "మనిషి బతుకుతాడా?" రెండవది డాక్టరును అడగరు. చుట్టాలు వెళ్ళిపోయాక, రాత్రి బాగా పొద్దుపోయాక, పక్కన కూర్చున్న గురువుతో మెల్లగా అంటారు: "ఫాదర్, పిలిస్తే పలకడం లేదు. మేమెవరమో తెలియడం లేదు. లోపల పడుకున్నది మా నాన్నేనా? మేమిక్కడ కూర్చుని ఏం లాభం?"

మొదటి ప్రశ్నకు వైద్యశాస్త్రం జవాబు చెప్పాలి. రెండవదానికి ఏ స్కానింగులోనూ జవాబు దొరకదు. ఈ వారం మనం ఆ రెండవ ప్రశ్న గురించి ఆలోచిద్దాం.

ఒక కుటుంబం సంగతి చెబుతాను. పేర్లు, ఊరు చెప్పను. తండ్రి తాపీమేస్త్రి. పని ముగించుకుని మోటారు సైకిలు మీద ఇంటికి వస్తూ పడిపోయారు. తలకు హెల్మెట్ లేదు. మెదడులో రక్తం గడ్డకట్టిందని ఆపరేషను చేశారు. ప్రాణం నిలిచింది. మూడు వారాలకు కళ్ళు తెరిచారు. ఇంటిల్లిపాదీ దేవునికి స్తోత్రం చెప్పుకున్నారు. కాని ఆ కళ్ళు ఎవరినీ చూడడం లేదని రెండు రోజుల్లో అందరికీ అర్థమైంది.

పెద్దకొడుకు హైదరాబాదులో ఉద్యోగస్తుడు. "ఉన్న ఎకరం అమ్మి పెద్ద ఆసుపత్రికి తీసుకుపోదాం. డబ్బు చూసుకుని నాన్నను చంపుకుంటామా?" అన్నాడు. తండ్రితోపాటు పనికి వెళ్ళే చిన్నకొడుకు, "ఇక చేసేదేమీ లేదని డాక్టర్లే అంటున్నారు. ఎకరం పోతే అమ్మ ఏం తిని బతుకుతుంది?" అన్నాడు. కూతురు ఏ మాటా అనలేదు. తడిగుడ్డతో తండ్రి పెదాలు తుడుస్తూ, ఊళ్ళో కబుర్లు చెబుతూ కూర్చుంది. అన్నకు తమ్ముడు పిసినారిలా కనిపించాడు. తమ్ముడికి అన్న గొప్పలకు పోతున్నట్టు కనిపించాడు. ఇద్దరికీ చెల్లెలు మతి తప్పినదానిలా కనిపించింది. తల్లిని ఎవరూ అడగలేదు.

ముగ్గురూ తండ్రిని ప్రేమించినవారే. కాని ఒకే మంచం చుట్టూ నిలబడి మూడు వేరు వేరు ప్రశ్నలు అడుగుతున్నారు. ఆయన ఇంకా మన నాన్నేనా? ఆయన పట్ల మన ధర్మం ఏమిటి? ఆ ధర్మానికి హద్దు ఎక్కడ? ఈ మూడూ కలగాపులగం కావడం వల్లనే ఇలాంటి సమయంలో ఇళ్ళు చీలిపోతుంటాయి. వీటిని విడదీసి చూద్దాం.

ముందుగా వైద్యులు చెప్పేదాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. "కోమా" అనే ఒక్క మాటలో మనం ఎన్నో స్థితులను కలిపేస్తాం. కోమాలో ఉన్న మనిషి కళ్ళు తెరవడు. ఆ స్థితి సాధారణంగా కొన్ని వారాలకు మించి ఉండదు. ఆ తరువాత కొందరు తెలివిలోకి వస్తారు. కొందరు కళ్ళు తెరుస్తారు, నిద్రపోతారు, మేలుకుంటారు. కాని స్పృహ ఉన్న జాడ పైకి కనిపించదు. ఈ స్థితికి 1972లో జెనెట్, ప్లమ్ అనే వైద్యులు "వెజిటేటివ్ స్టేట్" అని పేరు పెట్టారు. మరికొందరిలో స్పృహ గాలిలో దీపంలా ఒకసారి వెలిగి ఒకసారి తగ్గుతూ ఉంటుంది. ఉదయం చెయ్యి నొక్కినవారు సాయంత్రం నొక్కకపోవచ్చు.

బ్రెయిన్ డెత్ వీటన్నిటికీ భిన్నమైనది. మెదడు కాండంతో సహా మెదడు పని శాశ్వతంగా ఆగిపోవడం అది. 1994 అవయవ మార్పిడి చట్టం దానిని మరణంగానే గుర్తించింది. ఆ నిర్ధారణను జాగ్రత్తగా చేసినప్పుడు నైతికంగా అంగీకరించవచ్చునని జగద్గురువులు రెండవ జాన్ పౌల్ గారు 2000 ఆగస్టులో చెప్పారు. అటువంటప్పుడు వెంటిలేటరు తీయడం ఎవరినీ చంపడం కాదు. అవయవదానం గొప్ప ప్రేమకార్యం కూడా. కాని సొంతంగా ఊపిరి తీస్తూ కళ్ళు తెరిచే మనిషి బ్రెయిన్ డెత్ అయిన మనిషి కాడు. మీవారి స్థితి వీటిలో ఏదో డాక్టరుగారిని స్పష్టంగా అడిగి తెలుసుకోండి. అడగడం మీ హక్కు.

డాక్టర్లు రోజూ "స్కోరు ఇంత" అని చెబుతుంటారు. అది 1974లో గ్లాస్గో నగరంలో ఇద్దరు వైద్యులు తయారుచేసిన కొలత. కళ్ళు తెరవడం, మాట్లాడడం, కదలడం, ఈ మూడింటికీ మార్కులు వేస్తారు. అన్నిటికన్నా తక్కువ 3, ఎక్కువ 15. 8గాని అంతకు తక్కువగాని వస్తే గాయం తీవ్రమైనదని లెక్క. ఎంతో ఉపయోగపడే కొలత. అయితే మనిషి పైకి చూపించినదాన్ని మాత్రమే అది కొలవగలదు. లోపల ఉండి పైకి రాలేనిదాన్ని కొలవలేదు.

ఈ సంగతి 2006లో రుజువైంది. ఇంగ్లండులో ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త, ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి నెలల తరబడి ఏ స్పందనా లేకుండా ఉన్న 23 ఏళ్ళ యువతిని స్కానరులో ఉంచి, టెన్నిసు ఆడుతున్నట్టు ఊహించుకోమన్నాడు. ఆరోగ్యవంతులు అలా ఊహించుకున్నప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తుందో ఆమెలోనూ అదే పనిచేసింది. 2024లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో, మాటకు ఏ స్పందనా చూపని 241 మందిని ఇలాగే పరీక్షిస్తే 60 మందిలో అటువంటి గుర్తులు కనిపించాయి. నలుగురిలో ఒకరన్నమాట. కనుక మంచం పక్కన కబుర్లు చెప్పిన ఆ కూతురు మతిలేని పని ఏమీ చేయలేదు. అదే మంచం పక్కన నిలబడి పొలం లెక్కలు, చావు ఖర్చులు మాట్లాడేవారే కాస్త ఆలోచించుకోవాలి.

మరి మిగిలిన ముగ్గురి మాట ఏమిటి? వారికి వినపడుతున్నదనడానికి పరీక్షలో ఏ గుర్తూ లేదు. వారు నాన్నలు కారా? ఇక్కడ వైద్యం ఆగిపోతుంది, తత్వశాస్త్రం మొదలవుతుంది.

ఇంగ్లండుకు చెందిన జాన్ లాక్ అనే తత్వవేత్త 17వ శతాబ్దంలో ఒక వాదం చేశాడు. నిన్నటి మనిషి, నేటి మనిషి ఒకరే అనడానికి ఆధారం ఆ మనిషి స్పృహ, జ్ఞాపకం అన్నాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని దానిని చివరిదాకా తీసుకుపోతే, జ్ఞాపకం పోయిన తండ్రి తండ్రి కాకుండా పోతాడు. మంచం మీద మిగిలింది ఆయన కాదని, ఆయన విడిచివెళ్ళిన గూడు మాత్రమేనని అనవలసి వస్తుంది. మన ఊళ్ళలో లాక్ పేరు ఎవరికీ తెలియదు. అయినా "మనిషి ఎప్పుడో పోయాడు, కట్టె మిగిలింది" అనే మాట ఆ వాదమే.

దీనికి చాలాకాలం ముందే, 6వ శతాబ్దంలో బొయీతియస్, 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వీనాసు మరొక దారి చూపించారు. మనిషి విలువ ఆయన చేసే పనుల నుండి పుట్టదు. పనులే ఆయన ఉనికి నుండి పుడతాయి. ముందు మనిషి ఉంటాడు, ఆ తరువాతే మాట, నవ్వు, జ్ఞాపకం. ఆత్మ శరీరమనే బండి ఎక్కి తోలే బండివాడు కాదు, బండి విరిగితే దిగి వెళ్ళిపోవడానికి. ఈ శరీరాన్ని సజీవమైన మానవ శరీరంగా నిలిపేదే ఆత్మ. శరీరం జీవించి ఉందంటే ఆత్మ అక్కడే ఉంది. ఊపిరి తీస్తూ, వెచ్చగా, గడ్డం పెరుగుతూ మంచం మీద ఉన్న ఆ శరీరం మీ నాన్న వస్తువు కాదు, మీ నాన్నే. వేసవిలో పైరు లేని పొలాన్ని చూసి అది పొలం కాదని ఏ రైతూ అనడు. ఆ పొలంలో మళ్ళీ పైరు రాకపోయినా సరే, ఆ సర్వే నంబరు మారదు.

మీ పుట్టుక సంగతే ఆలోచించండి. మిమ్మల్ని మొదటిసారి ఎత్తుకున్న రోజున మీకు మీ నాన్న ఎవరో తెలియదు. పేరు పెట్టి పిలవలేదు, కృతజ్ఞత చెప్పలేదు, పని చేసి పెట్టలేదు. "వీడు నన్ను గుర్తుపట్టేదాకా ఆగుదాం" అని ఆయన అనలేదు. గుర్తుపట్టడంతో మొదలుకాని బంధం, గుర్తుపట్టకపోవడంతో ఎలా తెగుతుంది?

అందుకే "జీవచ్ఛవం" అనే మాటను దయచేసి మన నోటినుండి తీసివేద్దాం. మనిషి ఎంత తీవ్రమైన జబ్బుతో ఉన్నా మొక్కగానో జంతువుగానో మారిపోడని, ఎప్పటికీ మనిషేనని రెండవ జాన్ పౌల్ గారు 2004 మార్చి 20న వైద్యులతో మాట్లాడుతూ గట్టిగా చెప్పారు. ఆనాటికి ఆయనే తీవ్రమైన అనారోగ్యంతో ఉన్నారు.

ఇలా అన్నంత మాత్రాన ఆ కుటుంబం పోగొట్టుకున్నది ఏమీ లేదని కాదు. కూతురిని ముద్దుపేరుతో పిలిచే గొంతు పోయింది. గోడ వంకర పోతే కొడుకును కేకలేసే మేస్త్రి పోయాడు. మనిషి బతికి ఉండగానే ఆయన సాంగత్యం కోసం ఏడవవలసి రావడం చాలా కష్టమైన దుఃఖం. ఏడవండి. అది అవిశ్వాసం కాదు.

ఇక రెండవ ప్రశ్న: మన ధర్మం ఏమిటి? సీరా జ్ఞానగ్రంథం మూడవ అధ్యాయం ఈ సంగతిని సూటిగా ఎత్తుకుంటుంది. తండ్రి బుద్ధి మందగించినా ఓర్పుగా ఉండమని, మనకు బలముంది కదా అని ఆయన్ని చులకన చేయవద్దని బోధిస్తుంది. ఈ ధర్మం అరచేతులతో చేసేది. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపున పుండ్లు పడతాయి. నోరు శుభ్రం చేయాలి. గొట్టం ద్వారా ఆహారం పెట్టేటప్పుడు తల ఎత్తుగా ఉంచాలి. కీళ్ళు బిగుసుకుపోకుండా చేతులు, కాళ్ళు కదిలించాలి. తాకేముందు పేరు చెప్పి, ఏం చేయబోతున్నామో చెప్పాలి. ఈ సేవకు "ఇక చాలు" అనే రోజు లేదు.

మూడవ ప్రశ్న దీనికి వేరు. సేవకు హద్దు లేదు; చికిత్సకు హద్దు ఉంది. ఈ రెండింటినీ కలిపివేయడం వల్లనే "పొలం అమ్మకపోతే ప్రేమ లేనట్టే" అనే మాట వస్తుంది. వెంటిలేటర్లు కొత్తగా వస్తున్న రోజుల్లో, 1957 నవంబరు 24న, పన్నెండవ పయస్ జగద్గురువులను వైద్యులు ఈ ప్రశ్నే అడిగారు. ప్రాణం కాపాడుకోవడానికి సాధారణమైన మార్గాలను వాడవలసిందే. తమకుగాని ఇతరులకుగాని మోయలేని భారమయ్యే అసాధారణ మార్గాలను వాడి తీరాలనే నిర్బంధం లేదని వారు జవాబిచ్చారు. 1980లో శ్రీసభ ఈ బోధననే విడమరచి చెప్పింది. చికిత్సవల్ల కలిగే మేలును, దానివల్ల పడే బాధను, ఖర్చును తూచి చూడవచ్చు. కుటుంబంపై మితిమీరిన ఖర్చు పడకూడదని కోరుకోవడం ఆత్మహత్యతో సమానం కాదు. ఫలితం లేదని వైద్యులు నిజాయితీగా చెప్పిన చికిత్సను మానుకోవడం చంపడం కాదు.

ఆహారం, నీరు మాత్రం వేరు. గొట్టం ద్వారా ఇచ్చినా అవి సూత్రప్రాయంగా సాధారణ సేవలో భాగమేనని 2004లో జాన్ పౌల్ గారు, 2007లో విశ్వాస సిద్ధాంత సంఘం స్పష్టం చేశారు. శరీరం వాటిని ఇముడ్చుకోలేని స్థితిలోగాని, అవి దొరకడమే అసాధ్యమైన చోటగాని ఆ బాధ్యత మారుతుంది. మన సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చి, 2023లో పద్ధతిని సులభం చేసి, ప్రాణాధార చికిత్సను ఆపడానికి రెండు వైద్యమండళ్ళ అభిప్రాయం కావాలన్నది. ఇంజెక్షను ఇచ్చి చంపడాన్ని చట్టం ఒప్పుకోదు. చట్టం అనుమతించిన ప్రతిదీ ధర్మం కాదనే సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి.

అయితే ఈ బోధనను అడ్డుపెట్టుకుని తప్పించుకోవడం కూడా తేలికే. "అసాధారణ మార్గం" అనే పెద్దమాట వెనుక, పంచుకోబోయే ఆస్తి మీద చూపు దాగి ఉండవచ్చు. మరోవైపు, "ఎంతైనా ఖర్చుపెడతాను" అనే మాట వెనుక, పక్కన కూర్చోలేనితనం దాగి ఉండవచ్చు. దేవాలయానికి కానుకగా ఇచ్చేశామని చెప్పి తల్లిదండ్రుల పోషణ తప్పించుకున్నవారిని క్రీస్తునాథుడు గద్దించిన సంగతి మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో ఉంది. దూరం నుండి పంపే డబ్బుగాని, చెప్పించే పూజలుగాని మంచం పక్క గడిపే ఒక రాత్రికి బదులు కావు. రెండూ కావాలి.

కొలత రోగి వైపునుండి తీసుకోవాలి. ఈ చికిత్సవల్ల ఆయనకు ఏం మేలు? ఎంత బాధ? ఆయనే మాట్లాడగలిగితే ఏమనేవారు? భార్య కోసం ఇటుక మీద ఇటుక పేర్చి కొన్న ఎకరం అది. డాక్టర్లు ఫలితం లేదన్న చికిత్స కోసం దానిని అమ్మమని ఆ మేస్త్రి అనేవారా? ఈ మాట ఆయన భార్యకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కాబట్టి ముందుగా అడగవలసింది ఆమెను. ఆ ఇంట్లో చివరికి అడిగారు. ఆమె, "పొలం ఉంచండి. ఆయన్ని ఇంటికి తీసుకురండి" అన్నది.

అది ఎంత కష్టమో తెలిసి అన్న మాటే. ప్రభుత్వ ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి, గొట్టం ద్వారా ఆహారం పెట్టడం నేర్చుకుని ఇంటికి తెచ్చుకున్నారు. ఆయన పదకొండు నెలలు బతికారు. ఆ నెలలు తేలికగా గడిచాయని చెప్పను. చిన్నకోడలికి నడుము పట్టేసింది. పెద్దకొడుకు రెండు నెలలు రానే లేదు, మళ్ళీ మనసు మార్చుకుని నెలకు వారం సెలవు పెట్టి రావడం మొదలుపెట్టాడు. తండ్రి చివరిదాకా ఎవరినీ పేరుతో పిలవలేదు. వీపున ఒక్క పుండు లేకుండా వెళ్ళిపోయారు.

సేవలో వంతులు ఎంత అవసరమో ముంబై నర్సులు చూపించారు. అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా ఉన్న అరుణా శాన్‌బాగ్ 1973లో ఘోరమైన దాడికి గురై, మెదడు దెబ్బతిని, 2015 మే 18న మరణించేదాకా అదే ఆసుపత్రిలో ఉండిపోయింది. 42 సంవత్సరాలు. తోటి నర్సులు, వారి తరువాత వచ్చిన నర్సులు ఆమెను తమ ఆడపడుచులా చూసుకున్నారు. ఆమెను చనిపోనివ్వాలని ఒకరు కోర్టుకు వెళితే, ఆమె తరఫున మాట్లాడే హక్కు ఇన్నేళ్ళు సేవచేసిన ఆ ఆసుపత్రి సిబ్బందిదేనని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. వారు ఆమె బతకాలన్నారు. ఆ నర్సుల్లో ఏ ఒక్కరూ 42 ఏళ్ళూ ఒంటరిగా మోయలేదు. డ్యూటీలు మారాయి, చేతులు మారాయి, సేవ ఆగలేదు.

మన ఇళ్ళలో ఈ వంతులు ఉండవు. భారమంతా ఒక కూతురి మీదో కోడలి మీదో పడుతుంది. "మీ అమ్మను, నాన్నను గౌరవించు" అనే అర్థమిచ్చే నాలుగవ ఆజ్ఞ కోడళ్ళకు మాత్రమే ఇచ్చినది కాదు, కొడుకులకూ ఇచ్చినదే. రాత్రిళ్ళు మేలుకుని అలసిపోయిన మనిషికి "దేవుడు తొందరగా తీసుకుపోతే బాగుండు" అనే ఆలోచన వస్తుంది. తరువాత ఆ ఆలోచనకు భయపడుతుంది. అమ్మా, అలసట పుట్టించే ఆలోచన పాపం కాదు. అది నీకు విశ్రాంతి కావాలనే గుర్తు. నీ పక్కవారు నిన్ను ఇంతవరకు ఒంటరిగా వదిలేశారనడానికి కూడా అదే గుర్తు.

కాబట్టి విచారణ ప్రజలకు ఒక మనవి. మీ వీధిలో అలాంటి ఇల్లు ఉంటే ఈ వారం వెళ్ళండి. "ఏ పాపానికి శిక్షో" అనకండి. "ఏదైనా కావాలంటే చెప్పండి" అని వచ్చేయకండి, వారు అడగరు. ఒక పూట అన్నం క్యారేజీ పట్టుకువెళ్ళండి. ఒక రాత్రి మీరు కూర్చుని వారిని నిద్రపోనివ్వండి. రోగిని పేరుపెట్టి పలకరించి, ఆ తరువాతే ఇంటివారితో మాట్లాడండి. గురువును పిలవడానికి చివరి ఘడియ దాకా ఆగకండి. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం స్పృహ లేనివారికి కూడా ఇస్తారు. తెలివిలో ఉండగా కోరుకుని ఉండేవారే అయితే చాలు. అది చావు కబురు కాదు, బలం కోసం ఇచ్చే దేవద్రవ్యానుమానం.

పెద్దలైనవారికి మరొక మాట. మీకు ఇలాంటి స్థితి వస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో అందరి ముందు చెప్పండి. మీ పిల్లల మధ్య ఒక పెద్ద తగాదా అక్కడితో తప్పిపోతుంది. బండి తీసేటప్పుడు హెల్మెట్ పెట్టుకోండి.